లైను నుంచి రోజు దాకా: మన ఇంటి ఫోను ఖర్చు నడిచిన దారి

పెన్షను ఖాతాలో పడిందన్న కబురు ఈనాడు మనకు సెల్‌ఫోను ద్వారానే వస్తున్నది. బ్యాంకు ఓ.టి.పి., గ్యాసు సిలిండరు అందుకునే కోడు, ఆసుపత్రి అపాయింట్‌మెంటు, అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్న పిల్లల పలకరింపు, అన్నిటికీ దారి అదే. పాలు, కరెంటు, మందులతో పాటు సెల్‌ఫోను రీచార్జి కూడా నెలవారీ పద్దులో ఒక స్థిరమైన ఖర్చుగా చేరిపోయింది. అయినా మనలో చాలామంది ఏ ప్లాను వేయించాలన్నది దుకాణం కుర్రవాడికో, మనవడికో వదిలేస్తుంటారు. కూరగాయల దగ్గర అర్ధ రూపాయికి బేరమాడే మనం ఫోను దగ్గర మాత్రం అడిగినంత ఇచ్చి వస్తున్నాం.

ఇందుకు కారణం మన అజాగ్రత్త కాదు. మన కళ్ల ముందే ఈ వ్యాపారంలో అమ్మే సరుకు మూడుసార్లు మారింది. మొదట లైను అమ్మారు. తరువాత నిమిషాలు అమ్మారు. ఇప్పుడు రోజులు అమ్ముతున్నారు. సరుకు మారినా కొనే పద్ధతి పాతదే అయితే నష్టపోయేది కొనేవాడే. కావున ఈ మూడు దశల చరిత్రను ఒకసారి నెమరు వేసుకుని, ఆ వెలుగులో ఇంటికి తగిన ప్లాను ఎలా ఎంచుకోవాలో చూడటం ఈ వ్యాస ఉద్దేశం.

లైను కోసం కాచుకున్న కాలం

మన దేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ప్రారంభమయ్యాయి. ఆ తరువాత నూరేళ్లు గడిచినా ఫోను సామాన్యుడి ఇంటికి రాలేదు. ఊరికి ఒకటి రెండు ఫోనులు, అవీ పోస్టాఫీసులోనో, పోలీసు స్టేషనులోనో, మిల్లు యజమాని ఇంట్లోనో ఉండేవి. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేయాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు తరగతులు. ఫలానా వ్యక్తే మాట్లాడాలనుకుంటే పి.పి. కాల్. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు గొంతు మధ్యలో వినిపించేది. ఆ మూడు నిమిషాలలో చావు కబురు, పుట్టుక కబురు, బదిలీ కబురు అన్నీ ముగించడం మన తరం నేర్చిన విద్య.

ఆపరేటరు అక్కరలేకుండా నేరుగా వేరే ఊరికి డయల్ చేసే ఎస్.టి.డి. సౌకర్యం 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. అది మన జిల్లా కేంద్రాలకు, తాలూకా కేంద్రాలకు పాకడానికి దశాబ్దాలు పట్టింది. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి మన వేడికీ, దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలను తయారు చేసింది. 1985లో తపాలా, టెలికాం శాఖలు విడిపోయాయి. ఆ తరువాతనే పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూత్‌లు వీధివీధికీ వెలిశాయి. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని, అన్నం తిని కునుకు తీసి లేచి బూత్ ముందు వరుసలో నిలబడిన రోజులు మనలో ఎందరికో గుర్తు. మీటరు మీది ఎర్ర అంకెలు పరుగెడుతుంటే గుండె కూడా వాటితో పరుగెత్తేది.

1994 నాటి జాతీయ టెలికాం విధాన పత్రం ఆనాటి పరిస్థితిని అంకెలలో చెప్పింది. దేశం మొత్తం మీద దాదాపు 80 లక్షల లైనులు ఉన్నాయి. దరఖాస్తు పెట్టుకుని కాచుకున్నవారు సుమారు 25 లక్షలు. నూరు మందికి 0.8 ఫోను, అంటే ఒకటి కూడా లేదు. అప్పటికి ప్రపంచ సగటు నూరుకు పది. ఆ కాలంలో ప్లాను ఎంచుకోవడం అన్న మాటే లేదు. లైను రావడమే భాగ్యం, వచ్చాక ఇచ్చిన బిల్లు కట్టడమే ధర్మం. ఆ అలవాటు, అంటే ఫోనువారు చెప్పినదే వేదమన్న వినయం, మన తరంలో ఇంకా కొంత మిగిలి ఉంది. దాన్ని వదిలించుకోవడమే ఇప్పుడు చేయవలసిన మొదటి పని.

నిమిషాలు అమ్మిన కాలం

1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో మాట్లాడారు. దేశంలో సెల్‌ఫోను సేవలు అలా మొదలయ్యాయి. తరువాత రాష్ట్రాలను సర్కిళ్లుగా విభజించి, ఒక్కొక్క దానికి ఇద్దరేసి ప్రైవేటు నిర్వాహకులకు లైసెన్సులు ఇచ్చారు. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ ముందుగా వచ్చాయి. కాలక్రమంలో మొదటిది ఐడియాలోనూ, రెండవది ఎయిర్‌టెల్‌లోనూ కలిసిపోయాయి. 2014లో రాష్ట్రం రెండయినా టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు నేటికీ ఒకే సర్కిల్‌గా ఉండటం గమనార్హం.

ఆనాటి ధరలు వింటే నేటి పిల్లలు నమ్మరు. మాట్లాడిన నిమిషానికి 8 రూపాయల 40 పైసలు, రద్దీ వేళల్లో 16 రూపాయల 80 పైసలు. అదీ మనం చేసిన కాల్‌కే కాదు, మనకు వచ్చిన కాల్‌కు కూడా. ఫోను మోగితే ఎవరో చూసి, కట్ చేసి, దగ్గరలోని ల్యాండు లైను నుంచి తిరిగి చేయడం ధనవంతుల ఇళ్లలోనూ సాగింది. మిస్డ్ కాల్ అన్న విద్య మన దేశంలో అలా వేళ్లూనుకుంది.

కంపెనీలు వేలంలో ఒప్పుకున్న లైసెన్సు ఫీజులు కట్టలేక చతికిలపడ్డాయి. 1997లో ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ ఏర్పడింది. 1999 నాటి కొత్త టెలికాం విధానం స్థిరమైన లైసెన్సు ఫీజుకు బదులు ఆదాయంలో వాటా ఇచ్చే పద్ధతిని తెచ్చింది. ఎక్కువ మంది వాడితేనే ప్రభుత్వానికీ, కంపెనీకీ లాభమన్న ఏర్పాటు ఇది. ధరలు దిగిరావడానికి అసలు పునాది ఇక్కడే పడింది. 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడింది. 2002 అక్టోబరులో ఆ సంస్థ కూడా సెల్ సేవలు ప్రారంభించడంతో పోటీ గ్రామాల దాకా వచ్చింది.

2003 మే 1 ఈ చరిత్రలో పెద్ద పండుగ. ఆనాటి నుంచి కాల్ చేసినవారే చార్జీ భరించాలన్న పద్ధతి అమలైంది. ఇన్‌కమింగ్ ఉచితమైంది. కూరగాయల బండివాడు, ఆటో డ్రైవరు, తాపీమేస్త్రి సెల్‌ఫోను కొన్నది ఆ తరువాతనే. తనకు పని చెప్పేవారి కాల్ ఊరికే వస్తుందంటే ఎవరు కొనరు? అదే ఏడాది వర్షాకాలంలో రిలయన్స్ సంస్థ 501 రూపాయలకే చేతికి ఫోను ఇచ్చే పథకం పెట్టింది. 2006 మార్చి 1 నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి అన్న ప్లాను తెచ్చింది. 2009లో టాటా డొకొమో సెకనుకు ఒక పైసా లెక్క మొదలు పెట్టగా, మిగిలినవారూ అదే బాట పట్టక తప్పలేదు. 1995లో ఒక్క నిమిషం మాటకయ్యే ఖర్చుతో పదిహేనేళ్లకు అరగంట దాకా మాట్లాడుకునే రోజు వచ్చింది.

జీవితకాలమంటే ఎంతకాలం?

2005 చివర వచ్చిన లైఫ్‌టైమ్ ప్రీపెయిడ్ పథకాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక్కసారి వెయ్యి రూపాయల లోపు కడితే ఇక జన్మలో ఇన్‌కమింగ్ ఆగదన్నారు. ఆ కాగితం కింది సన్న అక్షరాలు చదివినవారు తక్కువ. జీవితకాలమంటే కొన్న మనిషి జీవితకాలం కాదు, కంపెనీ లైసెన్సు ఉన్నంతకాలం. లైసెన్సు ఉన్నా కంపెనీయే మూతపడితే జీవితకాలమూ ముగిసినట్టే.

అలా ముగిసినవి ఒకటి రెండు కావు. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 చివర రిలయన్స్ కమ్యూనికేషన్స్ సెల్ సేవలు ఆగాయి. 2018లో ఎయిర్‌సెల్ దివాలా అర్జీ పెట్టుకుంది. టెలినార్, టాటా సెల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియాలు ఒక్కటయ్యాయి. ఒకప్పుడు పదికి పైగా కంపెనీలు పోటీ పడిన మన సర్కిల్‌లో చివరకు మిగిలినవి ఎయిర్‌టెల్, జియో, వి (వొడాఫోన్ ఐడియా), బి.ఎస్.ఎన్.ఎల్. అనే నాలుగే.

ఆ మధ్యలో 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. కాల్స్ ఉచితం, డేటా కూడా 2017 మార్చి దాకా ఉచితం అన్నది. అంతకు మునుపు ఒక జి.బి. డేటాకు 250 రూపాయల దాకా పెట్టిన దేశం రోజుకు ఒక జి.బి. వాడటానికి అలవాటు పడింది. ఈ మేలును తక్కువ చేయనక్కరలేదు. పిల్లల ముఖం చూస్తూ మాట్లాడే యోగం మనకు కలిగింది దీనివల్లనే. ఒకనాడు అమెరికాకు ఐ.ఎస్.డి. నిమిషానికి అరవై రూపాయల దరిదాపులలో ఉండేదని గుర్తు చేసుకుంటే ఈ మార్పు విలువ తెలుస్తుంది.

అయితే ఉచితమన్న మాటకు కూడా ఒక గడువు ఉంటుందని అనుభవం చెబుతున్నది. 2018 చివర పాత కంపెనీలు, 28 రోజులకొకసారి కనీసం 35 రూపాయల రీచార్జి లేకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపుతామన్నాయి. ఖాతాలో నిల్వ ఉన్నవారికి ఉన్నట్టుండి సేవలు ఆపవద్దని ట్రాయ్ చెప్పవలసి వచ్చింది. 2019 అక్టోబరులో జియో సైతం ఇతర కంపెనీల ఫోనులకు చేసే కాల్స్‌కు నిమిషానికి 6 పైసలు వసూలు మొదలుపెట్టి, 2021 జనవరి 1న ఆపింది. 2019 డిసెంబరులో, 2021 నవంబరులో, 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ వరుసగా ధరలు పెంచాయి. ఊరికే వచ్చిన విందుకు ఊరంతా అలవాటు పడ్డాక విస్తరికి వెల కట్టారన్నమాట.

ఈ మొత్తం కథ నుంచి మనం గ్రహించవలసిన నీతి ఒకటే. ఏ కంపెనీ వాగ్దానాన్నీ ఒక ఏడాదికి మించి నమ్మనక్కరలేదు. ఏడాదికొకసారి లెక్క చూసుకోవడం మన వంతు.

రోజులు అమ్మే కాలం

ఇప్పుడు నిమిషాలకు వెల లేదు. ఎంత మాట్లాడినా ఒకటే. మరి కంపెనీ అమ్ముతున్నది ఏమిటి? మన నంబరు పని చేసే రోజులు. రీచార్జి కార్డు మీద ముందుగా చూడవలసినది డేటా కాదు, మెసేజ్‌ల సంఖ్య కాదు, గడువు. కంపెనీల నెల 28 రోజులది. ఏడాదికి 365 రోజులు కనుక, నెలనెలా అనుకుంటూ ఏడాదిలో 13 సార్లు రీచార్జి చేయిస్తాం. పన్నెండు నెలల పెన్షను తీసుకునే మనకు ఈ పదమూడో నెల ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న సహజమే. ఈ ఫిర్యాదుల మీదనే ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల గడువు గల ప్లాను ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన రీచార్జి చేసుకోగల ప్లాను ఒకటి తప్పనిసరిగా ఉంచాలన్నది. ఇవి దుకాణాలలో ముందు వరుసలో కనిపించవు. అడగందే అమ్మైనా పెట్టదు కదా.

మనకు మరింత ఉపయోగపడేది 2024 డిసెంబరు 23 నాటి ట్రాయ్ నిబంధన. డేటాతో పని లేనివారిపై దాని భారం మోపరాదని, కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాను ప్రతి కంపెనీ ఇవ్వాలని ఆదేశించింది. ప్రత్యేక వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. ఇటువంటి నిబంధన ఒకటి ఉన్నదని వయసు మీరినవారిలో ఎందరికి తెలుసు?

ఆ నిబంధన ప్రకారం 2025 జనవరిలో వచ్చిన ప్లానులతో ఒక లెక్క కట్టి చూద్దాం. ఒక కంపెనీ 365 రోజులకు 1,849 రూపాయలన్నది. మరొక కంపెనీ 1,748 రూపాయలన్నది. చూడగానే రెండవది 101 రూపాయలు చౌక అనిపిస్తుంది. కాని దాని గడువు 336 రోజులే. ధరను రోజులతో భాగించండి. మొదటిది రోజుకు 5 రూపాయల 7 పైసలు, రెండవది 5 రూపాయల 20 పైసలు. పూర్తి ఏడాదికి లెక్క వేస్తే రెండవది దాదాపు 1,899 రూపాయలు అవుతుంది. చౌక అనుకున్నది 50 రూపాయలు ప్రియమన్నమాట. ఇక మొదటి కంపెనీవారి 84 రోజుల ప్లాను 469 రూపాయలు, అంటే రోజుకు 5 రూపాయల 58 పైసలు. ధరలు ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటాయి గాని లెక్క చేసే పద్ధతి మారదు. మొత్తం ధర చూడవద్దు, రోజు ధర చూడండి. మన సర్వీసులో ఎన్నో బిల్లులు సరిచూసిన చేతులకు ఈ భాగహారం ఒక లెక్కా?

నమ్మదగిన ఫోను అంటే

చౌక ఒకటే చూసుకుంటే సరిపోదు. అవసరానికి మోగని ఫోను ఎంత చౌకయినా ఖరీదైనదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు పోయింది, టవర్లు మూగబోయాయి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల యోగక్షేమాలు తెలియక బయటి ఊళ్లలోని పిల్లలు అల్లాడిపోయారు. సెల్‌ఫోను గాలిలో నడిచేదే అయినా దాని ప్రాణం టవరు కింది కరెంటులోనూ, బ్యాటరీలోనూ, డీజిలు జనరేటరులోనూ ఉన్నదని ఆ తుపాను నేర్పింది. అన్ని కంపెనీల టవర్లూ ఒక్కసారే పడిపోవు, ఒక్కసారే లేవవు. కాబట్టి ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఒకే కంపెనీ సిమ్ ఉండటం కన్నా వేర్వేరు కంపెనీలవి ఉండటం మేలు. అందుకు అదనపు ఖర్చు పైసా కూడా లేదు.

ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నకు ఊరంతటికీ ఒకే జవాబు ఉండదు. వీధి చివర బాగా అందే సిగ్నలు మన పడకగదిలో అందకపోవచ్చు. రాత్రి పూట గుండెనొప్పి వస్తే ఫోను చేయవలసింది పడకగది నుంచే గదా. కనుక ఇరుగుపొరుగు వారి ఫోనులు మన ఇంట్లోనే, వంటగదిలో, పడకగదిలో, మేడ మీద పెట్టి చూడటం కన్నా మంచి పరీక్ష లేదు. 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన సేవా నాణ్యతా నిబంధనల ప్రకారం కంపెనీలు తమ సిగ్నలు అందే ప్రాంతాల మ్యాపులు వెబ్‌సైట్లలో ఉంచాలి. అపార్టుమెంటులో సిగ్నలు బలహీనంగా ఉండి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండు ఉంటే వై-ఫై కాలింగ్ అనే సౌకర్యం ఉంది. మన ఫోనులో దాన్ని ఆన్ చేయించుకుంటే మామూలు కాల్స్ ఇంటి వై-ఫై మీదుగా వస్తాయి.

చేతిలోని ఫోను సంగతి కూడా చూసుకోవాలి. జియోకు 2జి సేవ లేదు. పాత బటన్ల ఫోను వాడేవారు ఆ కంపెనీకి మారితే 4జి ఫోను కొనక తప్పదు. బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ 4జి సేవలను 2025 సెప్టెంబరు 27న ప్రధానమంత్రి ప్రారంభించారు. దాని ధరలు తక్కువన్నది అందరికీ విదితమే. మన వీధిలో అందుతున్నదీ లేనిదీ చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఇంటి లెక్క

ఇల్లంతటికీ ఎంత డేటా కావాలన్నది తదుపరి ప్రశ్న. ఇంట్లో బ్రాడ్‌బ్యాండు ఉండి, మనం ఎక్కువ కాలం ఇంట్లోనే గడిపేవారమైతే, వీడియో కాల్స్, భక్తి ఛానళ్లు, వార్తలు అన్నీ వై-ఫైలోనే నడుస్తాయి. అటువంటప్పుడు ఇద్దరి ఫోనులకూ రోజుకు ఒకటిన్నర జి.బి. ప్లాను వేయించడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే. రోజువారీ డేటా అర్ధరాత్రితో మురిగిపోతుంది, మరునాటికి మిగలదు. ఇద్దరిలో బయట తిరిగే ఒకరికి డేటా ప్లాను, మరొకరికి కాల్స్ మాత్రమే ఉండే ప్లాను చాలు. బ్రాడ్‌బ్యాండు లేని ఇంట్లో ఒక ఫోనుకు డేటా ప్లాను వేసి, హాట్‌స్పాట్ ద్వారా రెండవ ఫోనుకు పంచుకోవచ్చు.

కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చకుండానే మారే హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. 2015 జులై నుంచి వేరే సర్కిల్‌కు వెళ్లినా అదే నంబరు ఉంచుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలలో పోర్ట్ అని రాసి, ఖాళీ విడిచి, మన నంబరు వేసి 1900కు మెసేజ్ పంపితే ఒక కోడు వస్తుంది. అది మన ప్రాంతంలో నాలుగు రోజులు చెల్లుతుంది. దానితో, ఆధార్‌తో కొత్త కంపెనీవారి వద్దకు వెళ్లాలి. ఒక కంపెనీలో చేరి 90 రోజులు నిండితేనే మరొకదానికి మారగలం. పాత కంపెనీలో మిగిలిన రోజుల డబ్బు తిరిగి రాదు. కాబట్టి కొత్త కంపెనీలో మొదట ఒక నెల ప్లాను వేయించి, సిగ్నలు చూసి, తృప్తి కలిగాకనే ఏడాది ప్లాను వేయించడం వివేకం.

నంబరే ఆస్తి

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఒకప్పుడు ఫోను నంబరు పోతే కొత్త నంబరు వచ్చేది, డైరెక్టరీలో మార్చుకునేవాళ్లం. ఈనాడు నంబరు పోవడమంటే బ్యాంకు ఖాతా తాళంచెవి పోయినట్టే. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌కు, ఆధార్‌కు, పెన్షను ఖాతాకు, ఆస్తి పన్ను చెల్లింపుకు అదే నంబరు ముడిపడి ఉంది.

2013 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం, వరుసగా 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే ప్రీపెయిడ్ నంబరును తీసివేయవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయల నిల్వ ఉంటే ఆ కారణంతో తీసివేయరాదు. కాని నంబరు బతికి ఉండటం వేరు, దానికి కాల్స్, ఓ.టి.పి.లు రావడం వేరు. ప్లాను గడువు ముగిస్తే రెండవది ఆగిపోవచ్చు. తీసివేసిన నంబరును మరో 90 రోజుల తరువాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన బ్యాంకు మెసేజ్‌లు ఎవరో అపరిచితుడి చేతికి వెళతాయి. పిల్లల వద్దకు విదేశాలకు వెళ్లి ఐదారు నెలలు ఉండేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. వెళ్లే ముందు గడువు సరిపోయేలా రీచార్జి చేయించి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి. విదేశంలో ఉండగా వచ్చే మెసేజ్‌లకు సాధారణంగా చార్జీ పడదు. అయినా బయలుదేరే ముందు కంపెనీని అడిగి నిర్ధారించుకోవాలి.

సిమ్ ఎవరి పేరున ఉన్నదన్నది మరొక ముఖ్య విషయం. చాలా ఇళ్లలో భార్య వాడే ఫోను భర్త పేరునో, కొడుకు పేరునో, ఒక్కోసారి ఎవరో దుకాణందారు పేరునో ఉంటుంది. భర్త కాలం చేశాక ఫ్యామిలీ పెన్షనుకు ఆమె పేరున ఖాతా తెరిచినపుడు, ఆమెకంటూ సొంత నంబరు లేక ఆఫీసుల చుట్టూ తిరిగే అవస్థ మన సంఘాలవారు చూస్తున్నదే. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఆమె ఆధార్‌తో ఆమె పేరున ఒక సిమ్ తీసుకోవడం, బ్యాంకులో ఆ నంబరు నమోదు చేయించడం, రీచార్జి ఎలా చేయాలో ఆమెకు నేర్పడం ప్రతి సభ్యుడూ చేయవలసిన పని. ఏడాదికి రెండు వేల లోపు ఖర్చుతో ఇంతకన్నా మంచి బీమా ఉండదు.

మన పేరున మనకు తెలియని సిమ్‌లు ఉన్నాయేమో 2023 మే నెలలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఉన్నట్టుండి ఫోనులో సిగ్నలు పూర్తిగా పోయి గంటలు గడిచినా రాకపోతే, అది టవరు లోపమనుకుని ఊరుకోవద్దు. మన సిమ్‌కు నకలు ఎవరైనా తీసుకున్నారేమో కంపెనీని వెంటనే వాకబు చేయాలి. ఈ మోసాలు పెరిగినందువల్లనే, సిమ్ మార్చిన తరువాత ఏడు రోజుల దాకా పోర్టింగ్ కోడు ఇవ్వరాదన్న నిబంధన 2024 జులై 1 నుంచి అమలైంది. డబ్బు పోయినట్టు అనుమానం వస్తే 1930 నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు నిలిపివేయడానికి అంత వీలుంటుంది.

లైను కోసం ఏళ్ల తరబడి కాచుకున్న తరం మనది. రోజుకు ఐదారు రూపాయలకే దేశమంతా మాట్లాడుకునే కాలం చూడగలిగాం. ఈ మార్పులో కంపెనీల పోటీకి ఎంత పాత్ర ఉన్నదో, ప్రశ్నించి ఫిర్యాదు చేసిన వినియోగదారులకూ అంతే ఉన్నది. 30 రోజుల ప్లాను, డేటా లేని ప్లాను అలా వచ్చినవే. కావున సభ్యులందరూ ఈ నెలలోనే తమ ఇంటి ఫోనుల గడువు తేదీలు, ఒక్కొక్కటి ఎవరి పేరున ఉన్నదీ, రోజుకు ఎంత పడుతున్నదీ ఒక కాగితం మీద రాసి, పెన్షను పుస్తకంలో ఉంచుకోవలసినదిగా మనవి. ఇంటి పెద్దకు తెలిసినది ఇంటి ఇల్లాలికీ తెలియాలి. ఆ కాగితం ఎక్కడున్నదో ఇద్దరికీ తెలిసి ఉంటే చాలు.